పడితే రిపోర్టు రాస్తాం, నడక పోతే రాయం

ఆస్పత్రిలో ఒక పెద్దావిడ మంచం దిగుతూ పడిపోయారనుకోండి, ఎంత హడావుడి జరుగుతుందో. డాక్టర్‌కి ఫోను, ఇన్సిడెంట్ ఫారం, ఇంట్లోవాళ్ళకి కబురు, సూపర్‌వైజర్ వచ్చి ఆ టైముకి డ్యూటీలో ఎవరున్నారు, మంచం పక్కన ఉండే కమ్మీలు, అదే సైడ్ రైల్స్, ఎందుకు దించారు, బెల్లు చేతికందేలా పెట్టారా లేదా అని అన్నీ అడుగుతారు, నెలాఖరు మీటింగులో మా వార్డు పేరు పక్కన ఒక నంబరు పడుతుంది. అదే పెద్దావిడ న్యుమోనియాతో తన కాళ్ళ మీద నడిచొచ్చి, పదిరోజులు మంచం మీదే ఉండి, న్యుమోనియా తగ్గిపోయి, స్ట్రెచర్ మీద ఇంటికెళ్ళారనుకోండి, దానికి ఏ ఫారమూ లేదు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. డిశ్చార్జ్ కాగితంలో జబ్బు నయమైందనే ఉంటుంది, నడక సంగతి అందులో ఒక్క ముక్క ఉండదు.

నేను పెద్దవాళ్ళ వార్డులో పనిచేసే నర్సుని. ఈ రెండిట్లో ఏది పెద్ద నష్టం అని నన్నడిగితే, రెండోది మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు అంటాను. పడటాన్ని తక్కువచేసి మాట్లాడట్లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు, అందులో ఎక్కువగా పోయేది 60 దాటినవాళ్ళే. కానీ పడతారేమో అని భయపడి మనిషిని మంచానికే అతికించేస్తే కాళ్ళలో ఉన్న కాస్త బలం కూడా పోయి, లేచిన మొదటిరోజే పడతారు, అంటే దేనికి భయపడ్డామో దాన్ని మనమే దగ్గరుండి తెచ్చిపెట్టినట్టయింది. పెద్దవాళ్ళ నర్సింగ్‌లో అసలు పని వాళ్ళు చేసుకోగలిగినవి వాళ్ళ చేతుల్లోంచి జారిపోకుండా చూడటం, అన్నీ మనమే చేసిపెట్టడం దానికి సరిగ్గా ఎదురు దారి. నేను చెప్పదలుచుకున్నదంతా ఇదే, కాకపోతే దీన్ని ఒప్పుకునేవాళ్ళు కూడా ఆచరణలో ఎందుకు చెయ్యరు అన్నది కొంచెం వివరంగా చెప్పాలి.

పడుకుంటే ఒంట్లోకి బలం వస్తుందని మనకి గట్టి నమ్మకం. పాతికేళ్ళ కుర్రాడు జ్వరమొచ్చి రెండ్రోజులు పడుకుంటే ఏం కాదు, లేచి వెళ్ళిపోతాడు. పెద్ద వయసులో లెక్క వేరు. 2007లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది, ఏ జబ్బూ లేని, సగటున 67 ఏళ్ళున్న కొద్దిమందిని పదిరోజులు మంచం మీద ఉంచి చూశారు, కాళ్ళలో కండ సుమారు ఒక కిలో తగ్గిపోయింది. వాళ్ళు సరిపడా తింటూ, జ్వరం గిరం లేకుండా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని గుర్తుపెట్టుకోండి. దానికి ఇప్పుడు ఒక ఇన్ఫెక్షన్ కలపండి, సరిగ్గా తినకపోవడం కలపండి, ఇంకో పదిహేనేళ్ళ వయసు కలపండి. కుర్చీలోంచి లేవాలంటే తొడల్లో ఎంత బలం కావాలో సరిగ్గా దానికి ఇసుమంత ఎక్కువ ఉన్న మనిషి ఆ ఇసుమంత పోగొట్టుకుంటే ఇంక లేవలేరు. తగ్గిన కండ కొంచెమే, పోయింది మాత్రం ఎవరి సాయం లేకుండా బాత్రూంకి వెళ్ళగలగడం, అక్కణ్ణించి మిగతావన్నీ వరసగా పోతాయి.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ డాక్టర్ 1947లోనే అక్కడి మెడికల్ జర్నల్‌లో రోగుల్ని మంచాన పడేసే అలవాటు మీద గట్టిగా రాశారు, ఊపిరితిత్తుల్లో కఫం చేరడం, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టడం, చర్మం పుండుపడటం, ఎముకలు గుల్లబారడం, మలబద్ధకం, చివరికి మనసు డీలాపడటం దాకా ఒక్కొక్క అవయవం పేరు పెట్టి చెప్పారు. ఇంకా వెనక్కెళ్తే 1935లో లండన్‌లో వెస్ట్ మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మ చేతికి పక్కనున్న బీదల ఆశ్రమం తాలూకు పాత ఆస్పత్రి వచ్చింది, అందులో వందలమంది పెద్దవాళ్ళు, వీళ్ళకింక చేసేదేం లేదని వదిలేసినవాళ్ళు, కొందరైతే ఏళ్ళ తరబడి మంచం దిగనివాళ్ళు. ఆవిడ ఒక్కొక్కర్నీ కూర్చుని పరీక్ష చేసి, ఎవరికి ఏం జబ్బో విడదీసి, మంచం దింపి నడిపించడం మొదలుపెడితే చాలామంది లేచారు, కొంతమంది ఇళ్ళకే వెళ్ళిపోయారు. వృద్ధుల వైద్యం అనే శాఖకి పునాది అక్కడే పడిందంటారు. ఇంతకాలం నుంచి తెలిసిన విషయం, అయినా ఏ వార్డులోకైనా మధ్యాహ్నం వేళ వెళ్ళి చూడండి, ఎంతమంది కుర్చీల్లో ఉన్నారో ఎంతమంది ఆస్పత్రి గౌనులో మంచం మీద ఉన్నారో మీరే లెక్కపెట్టుకోవచ్చు.

మనిషిని లేపడం చూడ్డానికి చిన్నపనే. చాలామంది చంకల కింద చేతులు పెట్టి ఒక్క లాగు లాగుతారు, దాంతో అవతలివాళ్ళ భుజం నొప్పి, మన నడుం నొప్పి, పైగా వాళ్ళ కాళ్ళు చేసిన పని సున్నా. నేను కొత్తగా వచ్చిన పిల్లలకి నేర్పేది ఇలా. ముందు మంచం తలవైపు ఎత్తు చేసి కాసేపు ఉంచాలి. తర్వాత ఒక పక్కకి తిప్పి కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోబెట్టాలి, పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, ఆనకపోతే మంచం ఎత్తు తగ్గించాలి. అక్కడ ఆగాలి. తల తిరుగుతోందా అని అడగాలి, మొహం రంగు చూడాలి, అనుమానం ఉంటే బీపీ చూడాలి, పడుకున్నప్పటికంటే నిలబడిన మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ కింద బీపీ 10 గానీ పడిపోతే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాల్సిందే, అలా పడిపోవడానికి సగం కారణాలు మనమిచ్చే మందుల్లోనే దొరుకుతాయి. చెప్పులు జారేవి కాకూడదు. అప్పుడు మంచం అంచుకి జరగమని చెప్పి, పాదాలు మోకాళ్ళ కిందికి వెనక్కి లాక్కోమని, ముక్కు కాలివేళ్ళ మీదికొచ్చేదాకా ముందుకి వంగమని చెప్పాలి, వంగితే బరువు దానంతటదే కాళ్ళ మీదికొస్తుంది, పిర్రలు వాటంతటవే లేస్తాయి. ఒకటి రెండు మూడు అని వాళ్ళచేతే లెక్కపెట్టించాలి. మనం చెయ్యి వెయ్యాల్సింది పక్కనుంచి, పట్టుకున్నట్టు మాత్రమే. ఇదంతా ఎక్కువ ఓపికతో చేసే పని, మూడు నాలుగు రోజులు ఇలా చేస్తే ఎవరో ఒకరు మన చెయ్యి పక్కకి నెట్టి "నేను లేస్తాలే" అంటారు, ఆ మాట వినడానికే మేం ఈ ఉద్యోగంలో ఉన్నామనిపిస్తుంది నాకు.

బొత్తాల సంగతి ఒకటి చెప్తాను. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి కొద్దికొద్దిగా తిరిగొస్తున్న ఒకావిడ, గౌను బొత్తాలు తనే పెట్టుకుంటానన్నారు. మొదటి బొత్తాం కాజా దగ్గరికి తీసుకెళ్ళడానికే చాలాసేపు పట్టింది, వేళ్ళు జారిపోతున్నాయి, మళ్ళీ పట్టుకుంటున్నారు. పక్కనున్న ఆయాకి ప్రాణం ఆగట్లేదు, రెండుసార్లు చెయ్యి ముందుకి తెచ్చింది, రెండుసార్లూ నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. మూడో బొత్తాం తప్పు కాజాలో పడింది, ఆవిడే చూసుకుని విప్పి మళ్ళీ పెట్టుకున్నారు. చివరి బొత్తాం పడ్డాక తలెత్తి "దువ్వెన ఏదమ్మా" అన్నారు. అప్పటిదాకా వారం రోజులుగా ఆవిడ ఏదీ అడగలేదు, మందులిస్తే వేసుకోవడం, పెడితే తినడం, అంతే. మనం చేసేస్తే అర నిమిషంలో అయిపోయేదే, నిజమే, కానీ అలా చేసేస్తే ఆవిడ దువ్వెన అడిగేవారే కాదు.

అమెరికన్ డాక్టర్ సిడ్నీ కాట్జ్ 1963లో రోజువారీ పనుల్ని ఆరుగా విడదీశారు, స్నానం, బట్టలేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్ళడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. మామూలుగా ఇవి పోయేటప్పుడు ఈ వరసలోనే పోతాయి, స్నానం ముందు, తినడం ఆఖర్న, తిరిగొచ్చేటప్పుడు వెనకనుంచి వస్తాయి. షిఫ్టు మారేటప్పుడు చెప్పుకునే హ్యాండోవర్‌లో "బెడ్ నంబర్ ఆరు, టోటల్ కేర్", అంటే అన్నీ మనమే చెయ్యాలి అని ఒక్క ముక్కలో చెప్పేస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే. ఈ ఆరిట్లో ఏది పోయింది, ఏది ఉంది, ఇంటిదగ్గర ఉన్నప్పుడు ఏవి ఉండేవి? తన చేత్తో తినగలిగే మనిషికి టోటల్ కేర్ అని పేరుపెడితే రెండో షిఫ్టుకల్లా ఎవరో ఒకరు స్పూన్ అందుకుంటారు, వారానికల్లా ఆ మనిషి నోరు తెరిచి ఎదురుచూడటం అలవాటు చేసుకుంటారు.

మూత్రానికి వేసే ట్యూబు, క్యాథెటర్, కూడా అంతే. అడ్మిషన్ రోజు అవసరమై వేస్తారు, అవసరం తీరాక తియ్యడం ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే అది ఉంటే అందరికీ సుఖం, బెడ్‌పాన్ ఉండదు, అర్ధరాత్రి బెల్లు మోగదు. ఉన్న ప్రతిరోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం పెరుగుతూ పోతుంది, మంచానికి కట్టేసిన తాడులాగా ఆ ట్యూబు మనిషిని కదలనివ్వదు. రోజూ రౌండ్స్‌లో "ఇది ఇంకా ఎందుకుంది సార్" అని అడగడం నర్సు పనే. డైపర్ దగ్గర కూడా జాగ్రత్త, తొందరగా టాయిలెట్‌కి తీసుకెళ్ళే మనిషి లేక డైపర్ వేసినవాళ్ళకి మూత్రం ఆపుకోలేని జబ్బు ఉన్నట్టు ఛార్టులో రాయకండి. సైడ్ రైల్స్ గురించి అందరూ అనుకునేది అవి కాపాడతాయని, తికమకలో ఉన్న మనిషి వాటిమీంచి ఎక్కి దాటబోతే ఇంకా ఎత్తునుంచి పడతారు, మధ్యలో ఇరుక్కుని ప్రాణం పోయినవాళ్ళూ ఉన్నారు. చేతులు కట్టెయ్యడం గురించి నేను మాట్లాడను, అమెరికాలో 1987లోనే నర్సింగ్ హోముల్లో సిబ్బంది సౌకర్యం కోసం మనిషిని కట్టకూడదని చట్టం చేశారు, ఆ తర్వాత అక్కడ కట్టడం బాగా తగ్గింది, అంతే చాలు.

తికమక అన్నాను కదా, దీని దగ్గర కాస్త ఆగాలి. "నిన్నటిదాకా బానే మాట్లాడారు సిస్టర్, పొద్దున్నుంచి ఏదోలా ఉన్నారు" అని ఇంట్లోవాళ్ళు చెప్తే దానికి మనవాళ్ళు ఇచ్చే జవాబు, వయసైపోయింది కదా అని. వయసు ఒక్క రాత్రిలో అయిపోదు. గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో వచ్చిన తికమక డెలీరియం, అది మెదడు తాలూకు ఎమర్జెన్సీ, వెనకాల ఏదో కారణం ఉంటుంది, ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మూత్రం బిగుసుకుపోవడం, మలబద్ధకం, నొప్పి, కొత్త మందు. పెద్దవాళ్ళలో ఇన్ఫెక్షన్‌కి జ్వరం రాకపోవచ్చు, తికమకే దాని మొదటి గుర్తు కావచ్చు. అరిచి గోలచేసే డెలీరియం అందరికీ కనిపిస్తుంది, మందు వేసి పడుకోబెట్టేస్తారు. కళ్ళు సగం మూసుకుని పిలిస్తే ఆలస్యంగా పలికే డెలీరియం ఎవరికీ కనిపించదు, "పాపం ఇవాళ బాగా నిద్రపోతున్నారు, ఇబ్బంది పెట్టట్లేదు" అని సంతోషిస్తారు, నాకు భయం వేసేది ఆ మాటకే. వారాల పేర్లు వెనకనుంచి చెప్పమని అడగండి, మధ్యలో దారి తప్పి మొహం తిప్పేసుకుంటే ధ్యాస నిలవట్లేదన్నమాట, వెంటనే డాక్టర్‌ని పిలవాలి.

దీన్ని కొంతవరకు రాకుండా ఆపొచ్చు. షారన్ ఇనూయే అనే డాక్టర్ బృందం 1999లో 70 దాటిన 852 మంది రోగుల మీద చేసిన అధ్యయనంలో మామూలుగా చూసినవాళ్ళలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, వీళ్ళు చెప్పినట్టు చూసినవాళ్ళలో 9.9 శాతానికే వచ్చింది. ఏం చేశారు? కళ్ళజోడు పెట్టారు, చెవి మెషిన్ పెట్టారు, నీళ్ళు తాగించారు, రోజూ నడిపించారు, ఇవాళ ఏ తేదీ ఎక్కడున్నారు అని మాట్లాడుతూ గుర్తుచేశారు, రాత్రి నిద్ర మాత్రకి బదులు వెచ్చగా తాగడానికి ఇచ్చి వీపు రుద్ది, వార్డులో చప్పుళ్ళు తగ్గించారు. ఒక్క కొత్త మందు లేదు, ఒక్క కొత్త మెషిన్ లేదు. అన్నీ నర్సింగ్ పనులే. ఏ అడ్మిషన్‌లోనైనా చూడండి, కళ్ళజోడు ఇంట్లో ఉంటుంది, చెవి మెషిన్ "పోతుందేమో" అని కూతురి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది, ఆ మనిషికి సగం కనపడదు సగం వినపడదు, మనం అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదని మతిమరుపు అని రాసేస్తాం. నిద్రమాత్రల విషయంలో, దురద జలుబులకి వాడే డైఫెన్‌హైడ్రమిన్ లాంటివి, డయాజిపామ్ లాంటివి పెద్దవాళ్ళకి వీలైనంత వరకు వద్దని అమెరికన్ డాక్టర్ బీర్స్ 1991లో మొదలుపెట్టిన, పెద్దవాళ్ళకి సరిపడని మందుల లిస్టు చెప్తోంది, ఆ రాత్రి పడుకుంటారు, మర్నాడు పొద్దున బాత్రూంలో పడతారు.

చర్మం గురించి చెప్పకపోతే ఏ నర్సూ ఒప్పుకోదు. మంచం పుండుకి, అదే బెడ్‌సోర్‌కి, ఏం రాయాలి సిస్టర్ అని అడుగుతారు అందరూ, అసలు ప్రశ్న ఎంతసేపటి నుంచి ఒకే పక్కన ఉన్నారు అన్నది. డోరీన్ నార్టన్ అనే బ్రిటిష్ నర్సు, ఇంకో ఇద్దరితో కలిసి 1962లో ప్రచురించిన పరిశోధనలో, అప్పట్లో రకరకాలుగా పూసేవాటికంటే క్రమంగా పక్క మార్చి ఒత్తిడి తగ్గించడమే పని చేస్తుందని చూపించారు, ఎవరికి పుండు పడే ప్రమాదం ఉందో ముందే చెప్పే ఐదంశాల స్కేలు కూడా ఆవిడ పేరుమీదే ఉంది, ఒంటి పరిస్థితి, మనసు పరిస్థితి, నడక, కదలిక, మలమూత్రాల అదుపు. 20కి లెక్క, 14 లేదా అంతకంటే తగ్గితే జాగ్రత్తపడాలి. పక్క మార్చినప్పుడల్లా నడుం కింద వెనక ఎముక దగ్గర, తుంటి పక్కల, మడమల దగ్గర చూడాలి. ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి వదలండి, నొక్కినచోట తెల్లబడి మళ్ళీ రంగొస్తే ఇంకా టైముంది, నొక్కినా ఎరుపు అలాగే ఉంటే లోపల దెబ్బతినడం మొదలైపోయింది. ఒళ్ళు చామనఛాయగానో నల్లగానో ఉన్నవాళ్ళలో ఎరుపు కనపడదు, అక్కడ చేత్తో తడిమి చూడాలి, చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా, ముట్టుకుంటే నొప్పంటున్నారా. ఎర్రబడినచోట మసాజ్ చెయ్యకూడదు, ప్రేమతో రుద్దుతారు ఇంట్లోవాళ్ళు, లోపలి కణజాలం ఇంకా నలుగుతుంది. మడమకైతే పిక్కల కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూస్తే చాలు.

నోరు ఇంకొకటి. ఎవరూ పట్టించుకోరు. జపాన్‌లో 11 నర్సింగ్ హోముల్లో రెండేళ్ళపాటు చూసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, తిన్న ప్రతిసారీ పళ్ళు తోమించి, దంతవైద్యులతో శుభ్రం చేయించినవాళ్ళలో 11 శాతానికి న్యుమోనియా వస్తే, అలా చెయ్యనివాళ్ళలో 19 శాతానికి వచ్చింది. పళ్ళసెట్టు రాత్రి తీసి, తోమి, నీళ్ళలో వెయ్యాలి. తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. మతిమరుపు జబ్బు డిమెన్షియా బాగా ముదిరిపోయినవాళ్ళకి తిండి కోసం కడుపులోకి ట్యూబు వేస్తే న్యుమోనియా తగ్గుతుందని చాలామంది డాక్టర్లు కూడా అనుకుంటారు, వృద్ధుల వైద్యం చేసేవాళ్ళ సంఘం అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ అలా వెయ్యొద్దని, చేత్తో ఓపిగ్గా తినిపించమనే చెప్తోంది.

ఇంట్లోవాళ్ళతో నాకు వచ్చే గొడవ మాత్రం ఎప్పుడూ ఒకటే. ఒకమ్మాయి నాన్నగారి మంచం పక్కనే కూర్చుని ఉంది, నేను కుర్చీ తెచ్చేసరికి లేచి నిలబడింది.

"ఇప్పుడే లేపకండి సిస్టర్, ఇంకా నీరసంగా ఉన్నారు."

"నీరసం పడుకుని ఉండటం వల్లేనమ్మా, కాసేపు కూర్చోబెడదాం."

"పడిపోతే ఎవరిది బాధ్యత?"

నేను ఏదో చెప్పబోతుంటే మంచం మీంచి ఆయన అన్నారు, "నాకు కిటికీ దగ్గర కూర్చోవాలనుంది, నన్నడగండి." ఇద్దరం ఆయన తలమీంచి మాట్లాడుకుంటున్నాం మరి. ఆ అమ్మాయి ఏడ్చేసింది, నాకు ఆమె మీద కోపం రాలేదు, ఆమె భయం అబద్ధం కాదు, తల్లిని అంతకుముందు అలాగే పోగొట్టుకుందని తర్వాత చెప్పింది. కానీ బాధ్యత అనే మాట దగ్గర నేను గట్టిగానే ఉంటాను. లేపితే పడతారేమో అన్నది ఒక ప్రమాదం, లేపకపోతే లేవలేకపోవడం ఇంకో ప్రమాదం, మొదటిది ఒక్క క్షణంలో చప్పుడుతో జరుగుతుంది కాబట్టి అందరికీ గుర్తుంటుంది. రెండిట్లో ఏది మోస్తారో చెప్పాల్సింది ఆ కాళ్ళు ఎవరివో వాళ్ళు. ఆయన కిటికీ దగ్గర కూర్చున్నారు, వాకర్ పక్కనే పెట్టి, బెల్లు చేతికిచ్చి, బ్రేకులు వేసి.

ఇక్కడ నన్ను తప్పుగా అర్థం చేసుకునే వీలుంది కాబట్టి చెప్తున్నాను, అందర్నీ లేపి నడిపించెయ్యాలని కాదు. ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్ళని, శరీరం ఇంక చాలు అంటున్నవాళ్ళని ఫిజియో పేరుతో కుర్చీలోకి లాగడం క్రూరత్వం. అక్కడ పని మారిపోతుంది, నొప్పి లేకుండా చూడటం, నోరు తడపడం, ఇష్టమైన పక్కకి తిప్పడం. నొప్పి ఉందని నోటితో చెప్పలేనివాళ్ళకి 2003లో వచ్చిన పెయినాడ్ స్కేలు ఉంది, ఊపిరి, మూలుగు, మొహం, ఒళ్ళు బిగించడం, ఓదారిస్తే తగ్గుతోందా లేదా, ఈ ఐదూ చూసి 10కి మార్కులు వెయ్యడం. నొప్పి ఉండి లేవనంటున్న మనిషిని బద్ధకం అని రాసెయ్యడం కూడా చాలా చూశాను, ముందు నొప్పి మందిచ్చి, అది పనిచేసే వేళకి లేపితే లేచేవాళ్ళే వాళ్ళు. ఎవరికి ఏది అన్నది తేల్చడానికి తెలివి కావాలి, అనుభవం కావాలి, పెద్దవాళ్ళ వార్డంటే ఏమీ రానివాళ్ళని వేసే చోటు అనుకునే మేనేజ్‌మెంట్లకి ఇది ఎప్పటికి ఎక్కుతుందో.

సరే, ఇదంతా తెలిసీ ఎందుకు చెయ్యం? చేతులు చాలక. అమెరికాలో బియాట్రిస్ కాలిష్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 2006లో నర్సుల్నే కూర్చోబెట్టి, టైము చాలనప్పుడు మీరు ఏ పనులు వదిలేస్తారు అని అడిగారు. వాళ్ళు చెప్పినవాటిలో నడిపించడం, పక్క మార్చడం, తినిపించడం, శుభ్రం, ధైర్యం చెప్పడం, ఇవన్నీ ఉన్నాయి. ఇంజెక్షన్లు ఎవరూ వదలరు, దానికి టైముంది, సంతకముంది. సంతకం లేని పనులే పోతాయి, ఆ సంతకం లేని పనులే ఒక 80 ఏళ్ళ మనిషి ఇంటికి ఎలా వెళ్తారో నిర్ణయిస్తాయి. 2014లో లిండా ఐకెన్ బృందం తొమ్మిది యూరప్ దేశాల్లో ఆపరేషన్ అయిన, 50 దాటిన నాలుగు లక్షల పైచిలుకు రోగుల లెక్కలు చూస్తే, ఒక్కో నర్సు మీద ఒక్క రోగి ఎక్కువైతే 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. అందుకని నర్సులకి ఓపిక లేదు, ప్రేమ లేదు అని ఎవరైనా అంటే నాకు నచ్చదు, ఒక షిఫ్టు వచ్చి మాతో నిలబడి చూడమంటాను.

డ్యూటీ లిస్టు వేసేవాళ్ళు మంచాలు లెక్కపెడతారు. ఇన్ని మంచాలకి ఇంతమంది అని. ఇరవై మంచాల వార్డులో ఎనిమిదిమందికి పక్కన కూర్చుని తినిపించాలి, ఒక్కొక్కరికి కనీసం అరగంట, భోజనం వచ్చేది అందరికీ ఒకేసారి, ఆ టైముకే మందుల ట్రాలీ, ఆ టైముకే కొత్త అడ్మిషన్, ఉన్నది మేం ఇద్దరం, ఒక ఆయా. ఎనిమిది అరగంటలు నాలుగు గంటలు. భోజనం ఒక గంటలో అయిపోవాలి. ఈ లెక్క కాగితం మీద రాసి మా సూపర్‌వైజర్‌కి ఇచ్చాను, మంచాల సంఖ్యతో కాదు, ఎంతమందికి తినడానికి సాయం కావాలి, ఎంతమందిని లేపడానికి ఇద్దరు కావాలి అన్నదాంతో లిస్టు వెయ్యమని అడిగాను, అడ్మిషన్ ఫారంలో "ఇంటిదగ్గర ఎలా నడిచేవారు", డిశ్చార్జ్ కాగితంలో "ఇప్పుడెలా నడుస్తున్నారు" అని రెండు గడులు పెట్టమన్నాను. గడుల వరకు ఒప్పుకున్నారు. మనుషుల గురించి వచ్చే మీటింగులో మళ్ళీ అడుగుతాను, ఈసారి వార్డులో అందరి సంతకాలతో.